మరియమ్మ అవ్వ మూడు బాప్తిస్మాలు

2004 జూన్‌లో నన్ను భద్రాచలం అవతల, చర్ల దారిలోని ఒక అడవి పల్లెకు బైబిలు స్త్రీగా వేశారు. ఈ ఉద్యోగం పాస్టరు కింద ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పాలి, రోగుల కోసం ప్రార్థించాలి, సంఘంలో చేరేవాళ్లను ప్రశ్నలడిగి సిద్ధం చేయాలి. బాప్తిస్మం ఇచ్చే అధికారం లేదు. నేను అక్షరాలు దిద్దిందే నలభై దాటాక. అంతకుముందు నాకు తెలిసిన వాక్యమంతా కంఠతా వచ్చిందే.

ఆ చిన్న పల్లెకు మూడు సంఘాలు. మాది నీళ్లు చిలకరించే సంఘం. రెండోవాళ్లు వాగులో నిండా ముంచితేనే బాప్తిస్మం అంటారు. మూడోవాళ్లూ ముంచుతారు కానీ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనకుండా ఒక్క యేసు పేరుతోనే ముంచాలంటారు. ఎవరిని అడిగినా మిగతా రెండు సంఘాలవాళ్లూ క్రైస్తవులు కారు. మరియమ్మ అవ్వ మాత్రం మూడుచోట్లా బాప్తిస్మం తీసుకుంది.

ఆ సంగతి తెలిసి మా సంఘ పెద్దలు రిజిస్టరులో ఆమె పేరు కొట్టేశారు. పేరు లేనివాళ్లకు మా సమాధుల తోటలో చోటు లేదు. అక్కడ ఆమె భర్త యాకోబు పక్కన ఆమె కోసమే విడిచిన జాగా ఉంది. అవ్వ కర్ర పట్టుకుని పాస్టరుగారి గుమ్మంలోకి వచ్చింది.

"వాళ్లు ముంచుతరు గని, వాళ్లకు పూడ్చనీకి జాగ లేదయ్యగారూ. నా ముసలోని పక్కన నన్ను పెట్టరా ఏంది?"

పాస్టరుగారు ఆమెకు మళ్లీ సభ్యత్వ పరీక్ష పెట్టమని నాకు ఫారం ఇచ్చారు. ప్రశ్న పక్కన జవాబు గడి, దాని పక్కన నా అభిప్రాయం గడి. అందులో 'తృప్తికరం' అనో 'కాదు' అనో రాయాలి. పెద్దలు చూసేది ఆ ఆఖరి గడినే.

అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. దేవుళ్లు ఎందరని అడిగాను.

"ఒక్కడే."

"మరి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ?"

"గా ముగ్గురు కలిసే ఉన్నరు బిడ్డా. ఇడిపోయింది మీరే."

బాప్తిస్మాలు ఎన్నని అడిగాను. ఒకటే అంది. మరి మూడెందుకు తీసుకున్నావన్నాను.

"మొదటిది దేవుని కోసం. తక్కిన రెండు పాస్టర్ల కోసం. జరమొస్తే వచ్చి ప్రార్థన చేసిండ్రు, మునుగమని బతిమాలిండ్రు. కాదంటే మొకం చిన్నబుచ్చుకుంటరు. వాగు నీళ్లేనాయె!"

సొంతంగా ఒక్క మాట కూర్చి రాయడం నాకప్పటికి చేతకాదు. ఆమె అన్నది అన్నట్టే రాశాను. నా అక్షరాలు పెద్దవి. జవాబు పక్క గడిలోకి పోయి దాన్నీ నింపేసింది. నా అభిప్రాయానికి చోటు మిగల్లేదు.

సంఘ పెద్దల కమిటీలో పాస్టరుగారు ఫారం చదివారు. పేరు కొట్టించిన పెద్దాయన యోహానుగారు ఆఖరి గడి కోసం వెతికారు. అది దొరక్క, జవాబు మళ్లీ చదివించుకున్నారు.

"మొదటిది చిలకరించింది మనమే గదా?"

"అవ్," అన్నారు పాస్టరుగారు.

"అంటే దేవునిది మనదే! పేరెక్కియ్యండ్రి."

రెండేళ్లకు అవ్వను యాకోబు పక్కనే పెట్టాము. ముగ్గురు పాస్టర్లూ వచ్చారు. ఆమె తమ మనిషేనని ఎవరి ప్రార్థన వాళ్లు చేశారు. గుంత పూడ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

పరీక్ష పెట్టేవాళ్లు జవాబును దిద్దకూడదని ఆ ఫారంతో నేర్చుకున్నాను. తరువాత ఫారాలు నేనే చేతితో గీసుకునేదాన్ని. జవాబు గడి వెడల్పుగా, అభిప్రాయం గడి సన్నగా.