ఎనిడ్ ఇంటి దూలం

ఎనిడ్ ప్రాబర్ట్ పొద్దున్నే కోళ్లకు గింజలు చల్లుతుంది గానీ, చూపంతా దారికి అవతలి మ్యూరియల్ ఇంటిమీదే. రెండూ నల్లటి ఓక్ కర్ర చట్రాల మధ్య సున్నం పూసిన పాతకాలపు రైతుల ఇళ్లే. మా హెర్ఫర్డ్ పల్లెలో తన ఇల్లే అన్నిటికన్నా పాతదని నలభై ఏళ్లుగా చెప్పుకున్న మనిషి. మ్యూరియల్ అటక మీది వాసాలకు నేలమీది పొయ్యి పొగ మసి పట్టి ఉందనీ, అది పొగగొట్టాలు రాకముందు కట్టిన ఇల్లనీ పాత ఇళ్ల వయసు కనిపెట్టే ఒక నిపుణుడు తేల్చిన నాటినుంచి ఎనిడ్‌కు టీ కూడా సహించలేదు. చివరికి అతణ్నే తన ఇంటికీ పిలిపించింది. అతను దూలంలోంచి పుల్లంత ముక్క తొలిచి, చెట్టు వయసు చెప్పే వలయాలు లెక్కపెట్టడానికి పట్టుకెళ్లాడు. నెలకు తిరిగొచ్చాడని తెలిసి, పని లేకపోయినా నేనూ వెళ్లి కూర్చున్నాను.

"శుభవార్తమ్మా! రెండిళ్ల దూలాలూ ఒకే చెట్టువి. రెండింటికీ ఒకటే వయసు."

కేకు కోస్తున్న ఎనిడ్ చెయ్యి ఆగిపోయింది. "ఒకే చెట్టా? మొదలెవరిది, కొసెవరిది?"

"మొదలు ఆవిడది. కొస మీది."

ఆమె ముఖం మాడిపోయింది. "పోనీలేవే, సమానమేగా!" అన్నాను.

"నువ్వూరుకో!" అని కసిరి, కిటికీలోంచి అవతలికి చూసి గడ్డం పైకెత్తింది. "అయితే దానిది బురదలో నిలబడ్డన్నాళ్లూ నాది ఆకాశం చూసిందన్నమాట. ఇంకో ముక్క తిను, నాయనా."