కొండలకు ఎడంగా గని దారి

నా ఉద్యోగం రోడ్లకు దారి గీయడం. సింగపూర్‌లో వన్-నార్త్‌లోని ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. నేల ఎత్తుపల్లాల కొలతలు, ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని, రోడ్డు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ వాగు దాటాలో, ఎక్కడ మలుపు తిరగాలో కంప్యూటర్‌లో గీస్తాను. ఆ నేలల్లో చాలావాటి మీద నేనెప్పుడూ కాలు పెట్టలేదు. మా వృత్తిలో అది మామూలే.

కొన్నేళ్ళ కిందట ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో కొత్తగా తెరవబోతున్న ఒక గనికి రోడ్డు గీసే పని మాకు వచ్చింది. హైవే నుంచి గని దాకా పెద్ద లారీలు తిరిగే మట్టిరోడ్డు. మధ్యలో ఉన్న భూమంతా అక్కడి ఆదిమవాసులది. వాళ్ళు ఒప్పుకుంటేనే రోడ్డు. గని కంపెనీ వాళ్ళ ఆఫీసు కూడా సింగపూర్‌లోనే ఉండడంతో మాటలన్నీ ఇక్కడినుంచే నడిచాయి.

నేను మొదట గీసిన దారి తిన్నగా ఉండేది. వాగు సన్నబడిన చోట దాటి, రెండు చిన్న కొండల పక్కనుంచి సాగేది. పొడవూ తక్కువ, ఖర్చూ తక్కువ. గీసి చూసుకుని మురిసిపోయాను కూడా.

దాన్ని ఆ భూమి యజమానులకు వీడియోలో చూపించిన రోజు బాగా గుర్తుంది. అటువైపు ఒక రేకుల వసారా, ప్లాస్టిక్ కుర్చీల్లో పదిమంది, వాళ్ళ కాళ్ళ దగ్గర నిద్రపోతున్న కుక్కలు. ముందు వరసలో ఒక పెద్దావిడ. మా మేనేజరు డ్రాయింగ్ గురించి చెబుతున్నంతసేపూ ఆమె తెర మీది గీతనే చూసింది. అంతా విన్నాక అడిగింది.

“ఈ గీత గీసిందెవరు?”

మా మేనేజరు హైదరాబాదీ. ఆఫీసులో మేమంతా భాయ్ అంటాం. ఆయన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

“నేనే, ఆంటీ,” అన్నాను. సింగపూర్‌లో పెద్దవాళ్ళనెవరినైనా అలా పిలిచే అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది. తర్వాత తెలిసింది, అక్కడ కూడా పెద్దవాళ్ళను గౌరవంగా అలాగే పిలుస్తారని.

“ఇక్కడికి ఎప్పుడైనా వచ్చావా?”

“లేదు, ఆంటీ.”

“సరే. ఆ కొండల దగ్గర వద్దు. అక్కణ్ణుంచి తీసెయ్యి.”

గని కంపెనీ ప్రతినిధి మర్యాదగానే అడిగాడు, అక్కడ ఏముందో చెబితే తమకు సాయంగా ఉంటుందని. పెద్దావిడ పక్కన కూర్చున్నావిడ జవాబు చెప్పింది. “అది ఆడవాళ్ళకు సంబంధించిన చోటు. అంతే రాసుకోండి. అంతకంటే అడక్కండి.”

ఆ మాట్లాడినావిడ భూయజమానుల సంఘానికి అధ్యక్షురాలు, నా ఈడుది. పెద్దావిడ ఆమెను తన కూతురని పరిచయం చేసింది. ఆమె నిజానికి అక్క కూతురని తెలిశాక కంపెనీ ప్రతినిధి తికమకపడ్డాడు. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మా పిన్ని ఇప్పటికీ నన్ను నలుగురిలో “మా పెద్దకూతురు” అనే చెబుతుంది.

ఆ వారమే దారి మార్చాను. కొండలు రాగానే రోడ్డు పక్కకు వంగి, వాటిని చుట్టి, మళ్ళీ పాత గీతలో కలిసేటట్టు చక్కటి వంపు గీశాను. కొండల చుట్టూ ఎర్రటి గళ్ళగీతలు వేసి, ‘ప్రవేశం లేదు’ అని రాసి పంపాను. వాళ్ళు అడిగింది చేశామనే అనుకున్నాం.

అటునుంచి జవాబుగా ఒకే మాట వచ్చింది. తామే సింగపూర్ వస్తామని.

*

వాళ్ళిద్దరూ వచ్చారు, పెద్దావిడా ఆ కూతురూ. ఆఫీసు ఏసీ చలికి పెద్దావిడ స్వెటరు తొడుక్కుని, దానిమీద నా శాలువా కూడా కప్పుకుంది. డ్రాయింగును పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి బల్ల నిండా పరిచాం. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మీద వేలు పెట్టి, రోడ్డు వెంబడి మెల్లగా నడిపించింది. వంపు దగ్గరికి రాగానే ఆగి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు గానీ, నాకు ముఖం వేడెక్కింది.

“అమ్మాయ్, నువ్వొక లారీ నడుపుతున్నావనుకో,” అంది. “గంటసేపు రోడ్డు తిన్నగా ఉంది. ఉన్నట్టుండి ఇక్కడ వంకర తిరిగింది. మళ్ళీ తిన్నగా అయింది. నీకేమనిపిస్తుంది?”

నేను కాగితం వైపు చూశాను. “ఇక్కడేదో ఉంది అనిపిస్తుంది.”

“దిగి చూస్తావా, చూడవా?”

“చూస్తాను.”

కూతురు అందుకుంది. వాళ్ళకు దగ్గర్లోనే ఒక చోట, కాపాడదామనే మంచి ఉద్దేశంతో ఎవరో కంచె వేయించారట. అంతకుముందు అటువైపు తలతిప్పి చూసినవాళ్ళు లేరు. కంచె పడ్డాక టూరిస్టులు బండ్లు ఆపి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు.

నేను వేసిన ఎర్ర గళ్ళగీతలు ఆ బల్ల మీద అందరికంటే బిగ్గరగా మాట్లాడుతున్నట్టు అనిపించింది. అప్పటిదాకా నేను చూసింది రోడ్డును ఎంత తక్కువ పక్కకు జరిపితే సరిపోతుందనే. ఆమెకు కావలసింది, ఆ రోడ్డు మీద వెళ్ళే మనిషికి అక్కడ అడగాల్సిన ప్రశ్నే లేకుండా ఉండడం. అందుకు దారిని మొదటినుంచీ వాగుకు అవతలి ఒడ్డున వేయాలి. పొడవు పెరుగుతుంది. వాగును వెడల్పైన చోట, కాజ్‌వే మీదుగా, అంటే నీటికి కాస్తే ఎత్తులో ఉండే కాంక్రీటు దారి మీదుగా దాటించాలి. వాన గట్టిగా పడితే అది కొన్నాళ్ళు మునిగిపోతుంది.

“ఈ కాగితాలు కూడా నాకిచ్చెయ్యండి,” అంది పెద్దావిడ. “మీ కంప్యూటర్లో ఉన్నదీ, కంపెనీ దగ్గరున్నదీ తీసెయ్యాలి. ఈ ఎర్రగీతలున్న కాగితం లోకంలో ఎక్కడా ఉండకూడదు.”

భాయ్ వెంటనే సరేనన్నాడు. ఆమె కాగితాలను చీర మడతపెట్టినంత ఓపికగా మడిచి సంచిలో పెట్టుకుంది. వాళ్ళు కాఫీకి కిందికి వెళ్ళాక ఆయన నా వైపు తిరిగాడు.

“క్లయింట్ గరం అయితడు. పొడవు చూసి మస్తు లొల్లి చేస్తడు.”

“ఏం చేద్దాం భాయ్?”

“ఏం చేస్తం? వాళ్ళకు జవాబు నేను చెప్త. నువ్వు అవతలి ఒడ్డుకు మంచిగ గీయి. నేల గట్టిగున్న చోట చూసుకో, గంతే.”

*

మర్నాడు సెలవు. ఇద్దరినీ భోజనానికి పిలిచాను. మా ఇల్లు యూ టీ అనే పేటలో. టాక్సీ పంపిస్తానంటే పెద్దావిడ రైల్లోనే వస్తానంది, ఊరు చూడొచ్చని. నేనే వెళ్ళి ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చాను. జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాక పట్టాలు నేలకు ఎత్తులో సాగుతాయి. రెండువైపులా వరసగా ఫ్లాట్ల బ్లాకులు, వాటి కిటికీల బయట గెడలకు ఆరేసిన బట్టలు. ఆమె కిటికీ నుంచి చూపు తిప్పలేదు.

“వీటికి ముందు ఇక్కడ ఎవరుండేవారు?” అని అడిగింది.

“పల్లెలుండేవట, ఆంటీ. పొలాలు, కోళ్ళు, పందులు. మా స్టేషన్ పేరుకు నూనె కుంట అని అర్థమట. మా కింది ఫ్లాట్ చైనీస్ అంకుల్ చెప్పాడు.”

“ఆ పల్లెల వాళ్ళు ఎటు పోయారు?”

“ఇలాంటి ఫ్లాట్లలోకే వచ్చారనుకుంటా.” అంతకంటే నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా అదే రైలెక్కి ఆఫీసుకు వెళ్తున్నా ఎవరినీ అడగాలని తోచలేదు.

మా అత్తగారు ఆ ఏడంతా మాతోనే ఉన్నారు. వాళ్ళది అనంతపురం వైపు. పొద్దున్నే లేచి రాగిసంగటి, నాటుకోడి దొరక్క మామూలు కోడితోనే పులుసు, చెనక్కాయలు నూరి ఊరిబిండి చేశారు. తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్న పెద్దావిడను చూసి నా చెవి దగ్గరికొచ్చారు.

“అమ్మీ, ఆయమ్మ సంగటి తింటాదా? కారం తగ్గించినా. అడిగి పెట్టు.”

అడగాల్సిన పని పడలేదు. పెద్దావిడ చెంచా పక్కన పెట్టి, అత్త చేతి వైపు చూసి, అలాగే ముద్ద తుంచి పులుసులో అద్దుకుని తినేసింది. అత్తకు అక్కడే ఆమె నచ్చేసింది. భాష రాని ఇద్దరూ ఒకరి మోకాళ్ళ నొప్పుల గురించి ఒకరు సైగలతోనే చాలా మాట్లాడుకున్నారు. అవసరమైన చోట నేను మధ్యలో మాటలు అందించాను.

భోజనాలయ్యాక అత్త నన్ను అడిగారు, వీళ్ళు ఇంతదూరం ఎందుకు వచ్చారని. చెప్పగలిగినంత చెప్పాను.

“దాంట్లో ఏముందో చెప్పేస్తే అయిపోతాది గదా? ఏంటికి దాస్తాండారు?” అన్నారు.

పెద్దావిడ అదేమిటని అడిగితే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. “మీ అత్తగారిని అడుగు. మీ ఇంట్లో ఆడవాళ్ళు ఆడవాళ్ళకు మాత్రమే చెప్పుకునేవి లేవా?”

అత్త సోఫాలో ఫోను చూసుకుంటున్న మా ఆయన వైపు ఒక చూపు విసిరి, గొంతు తగ్గించారు. “ఉండవా మరి. మన ఇంటి పేరంటాలుకు పెట్టే పూజ లేదా? తలుపేసుకోని చేస్తాం. మగోళ్ళకు చెప్పేది కాదు గదా అది.”

నిజమే. కాన్పయ్యాకే నన్నూ ఆ గదిలోకి రానిచ్చారు. లోపల ఏం జరుగుతుందో మా ఆయనకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని ఆయన అడగనూ లేదు.

మా పదకొండేళ్ళ కూతురు పుస్తకం మూసేసి దగ్గరికొచ్చింది. “అవ్వా, అయామ్ ఆల్సో గర్ల్ వాట్. టెల్ మీ లా.”

“నీకు ఇంగా టైముందిలే. పో, చదువుకో,” అన్నారు అత్త.

ఇది కూడా ఇంగ్లీషులో చెప్పాను. పెద్దావిడ పకపకా నవ్వింది. తర్వాత అత్త చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

పెద్దావిడ కూతురు మాత్రం ఆ నవ్వుల్లో కలవలేదు. బాల్కనీలో నాతో నిలబడి మెల్లగా చెప్పింది. “మా అమ్మకు ఈ రోడ్డే ఇష్టం లేదు. నాకు కావాలి. వానాకాలంలో వాగులు పొంగితే మేం ఎటూ కదల్లేం. ఎవరికైనా జబ్బు చేస్తే విమానం కోసం ఎదురుచూడాలి. అది కూడా వాన తెరిపిస్తేనే. రోడ్డు ఎలాగూ వస్తుందంటే, మా ఊరివాళ్ళూ దానిమీద నడవాలి. గేటు వేసి ‘గని బండ్లకే’ అంటే నేను సంతకం పెట్టను.”

తిరిగి వెళ్ళేటప్పుడు రైల్లో వాళ్ళిద్దరూ తమ భాషలో వాదించుకున్నారు. గొంతులు పెరగలేదు. ఒకరు చెప్పడం, రెండోవారు కిటికీలోంచి చూడడం, కొన్ని స్టేషన్లు గడిచాక జవాబివ్వడం. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ పద్ధతి మాత్రం బాగా తెలిసినదే. మా ఇంట్లో నేనూ అత్తా అలాగే పోట్లాడుకుంటాం.

*

తర్వాతి సమావేశంలో కొత్త దారి చూపించాను. కంపెనీ ప్రతినిధి పొడవు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇంత తిప్పడానికి కారణమేమిటి?”

అబద్ధం చెప్పకూడదని, చెప్పకూడనిది చెప్పకూడదని భాయ్‌తో ముందే అనుకున్నాం. “భూమి యజమానులు ఈ ఒడ్డునే ఒప్పుకుంటారు,” అన్నాను. “పైగా ఇటు నేల గట్టిగా ఉంది. అవతల బంకమట్టిలో లారీలు దిగబడతాయి.” రెండూ నిజమే.

“పాత డ్రాయింగు మీద ఎర్రగీతలుండేవి కదా?”

“అది ఇప్పుడు లేదు,” అన్నాడు భాయ్. “మీ దగ్గరున్న కాపీలు కూడా తీసేయమని రాశాం. ఆ షరతు లేకుండా మాటలు ముందుకు పోవు.”

గేటు గురించి కూతురు మాట్లాడింది. కాఫీలు చల్లారేదాకా ఆ ఒక్క విషయమే నడిచింది. చివరికి వాళ్ళ ఊరి మలుపు దాటాకే గేటు ఉంటుందని, అక్కడిదాకా అందరూ తిరగవచ్చని ఒప్పుకున్నారు. ఊరి పక్కన తారు వేయమన్న మాటకు మాత్రం కంపెనీ ససేమిరా అంది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిస్తామన్నారు. కూతురు దాన్ని నమ్మనట్టే ముఖం పెట్టింది.

సంతకాలు ఆ రోజు జరగలేదు. మిగతావాళ్ళకు చెప్పాలని ఇద్దరూ వెళ్ళిపోయారు. అక్కడ ఒకటి తర్వాత ఒకటి మీటింగులు జరిగాయి. ఒక పెద్దాయన పోవడంతో కొంతకాలం అన్నీ ఆగిపోయాయి. కంపెనీ వాళ్ళు ఫోన్లు చేసినప్పుడల్లా భాయ్ అదే చెప్పేవాడు, వాళ్ళను తొందరపెట్టొద్దని. నేను వేరే పనుల్లో పడ్డాను. వానాకాలం వెళ్ళాక ఒప్పందం వచ్చింది. దాని మీద పెద్దావిడ సంతకం కూడా ఉంది.

రోడ్డు పడి ఇప్పుడు రెండు వానాకాలాలు దాటాయి. మొదటి ఏడు కాజ్‌వే అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు మునిగింది. పెద్దావిడ కూతురు ఫోన్ చేసి నన్ను చెడామడా తిట్టింది. నీటి కొలతలు తెప్పించుకుని చూస్తే ఆమె కోపంలో న్యాయముంది. ఎత్తు పెంచుతూ కొత్త డ్రాయింగు పంపాం, ఎండాకాలంలో పని జరిగింది. నీళ్ళ ట్యాంకరు ఒక వారం వస్తే ఒక వారం రాదట. ఆ తగువు ఇంకా నడుస్తూనే ఉంది.

పోయిన నెల మాట్లాడినప్పుడు, పెద్దావిడను మోకాళ్ళ చికిత్సకు ఆ రోడ్డు మీదే పట్నం తీసుకెళ్ళామని చెప్పింది. ఆమెకు రోడ్డు ఎలా అనిపించిందని ఆత్రంగా అడిగాను.

“ఏమో,” అంది కూతురు. “బండెక్కింది మొదలు దిగేదాకా నిద్రపోయింది.”