మూడు కుట్లకొక మెలిక

"ఈమెనా మేడం? ఈమె నాకు ఊలు ఉండలు చుట్టి పెడ్తది."

గోదావరిఖనిలో మా కాలనీ కమ్యూనిటీ హాలులో, నలభై మంది ఆడవాళ్ళ ముందు, మా ఎదురు క్వార్టర్ అక్క నన్ను పరిచయం చేసిన తీరు ఇది. ఆ మాట అన్నప్పుడు ఆ మేడం చేతిలో ఉన్న టోపీ మీది డిజైన్ నాది. తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు సంగతి. ఇప్పటికీ ఎవరైనా ఊలు ఉండ అంటే నా చెవులు వేడెక్కుతాయి.

రామగుండం పక్కన ఉండి ఊలు అల్లుతానంటే నవ్వేవాళ్ళను నవ్వనీ. మా ఎండల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. కానీ పుష్యమాసంలో మొదటి షిఫ్టుకు పోయే మనిషిని అడగండి. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో దిగాక ఎట్లాగూ ఉక్కపోతే, బాయి దాకా స్కూటర్ మీద పోవడమే కష్టం. మా ఆయన చెవులకు తువ్వాలు చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టుకునేవాడు. తువ్వాలు సగం దారిలోనే జారి మెడలో పడేది. ఆయన చెవుల కోసమే నేను సూదులు పట్టాను.

నేర్పింది మా వెనక లైనులో ఉండే టీచరమ్మ. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో అల్లిక నేర్చుకుని, పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. అల్లికలో ఉండేవి రెండే కుట్లు, సీదా, ఉల్టా. ఆ రెండూ వారం రోజుల్లో వచ్చేశాయి. రెండు రంగులు కలిపి బొమ్మ వేయడం దగ్గరే ఆమె నా ప్రాణం తోడింది. పైన నల్ల కుట్లు పడుతున్నంతసేపూ పసుపు దారం లోపలి వైపు ఊరికే సాగుతూ పోతుంది. దాన్ని మూడు కుట్లకొకసారి నల్ల దారంతో మెలివేసి పట్టించాలి. మరిచిపోతే లోపల దారాలు పొడుగ్గా వేలాడతాయి, వేలు పెడితే చిక్కుకుంటుంది. నేను ఎంత ముచ్చటైన బొమ్మ చూపించినా టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒకటే మాట అనేది.

"పైన నేను చూడ బిడ్డా. ఉల్టా తిప్పు."

డిజైన్లు మాత్రం నా సొంతం. నా బిడ్డ లెక్కల గ్రాఫు పుస్తకంలో ఒక్కో గడి ఒక్కో కుట్టు అనుకుని గీసేదాన్ని. మొదట బాయి మీద తిరిగే పెద్ద చక్రం గీశాను. కాగితం మీద గుండ్రంగానే ఉంది, టోపీ మీద నెత్తిన బండ పెట్టినట్టు నొక్కుకుపోయింది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది చక్రమా, గారె మీద ఎవడన్న కూసున్నడా?" అన్నాడు. కుట్టుకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ అని అప్పుడు తెలిసింది. కాగితం మీద పొడుగ్గా గీస్తేనే టోపీ మీద గుండ్రంగా వస్తుంది.

తరవాత చక్రం వదిలేసి దీపాలు గీశాను. షిఫ్టు దిగి బాయి నోట్లోంచి వరసగా పైకి వచ్చే మనుషుల తలల మీది దీపాలు. నల్ల ఊలు మీద ఒక్క పసుపు కుట్టు, దాని కింద వెడల్పవుతూ పోయే తెల్లని వెలుగు. చుట్టూ ఉన్న కుట్లన్నిటినీ దీపాలు సమంగా పంచుకోవాలి, లేకపోతే చివర అర దీపం మిగిలిపోతుంది. మూడుసార్లు అల్లి మూడుసార్లు విప్పాను. నాలుగోసారి దీపాలు ఎక్కడా తెగకుండా తల చుట్టూ తిరిగి కలుసుకున్నాయి. ఆ రోజు నేను చంకలు గుద్దుకున్న మాట నిజం. మర్నాడు మా ఆయన ఆ టోపీ పెట్టుకుని డ్యూటీకి పోతే, వాళ్ళ షిఫ్టులో ఆరుగురు అట్లాంటిదే కావాలన్నారట.

ఎదురు క్వార్టర్ అక్క ఓవర్‌మన్ భార్య. ఆడవాళ్ళకు కుట్లూ అల్లికలూ నేర్పే సెంటర్‌కు ఆమే పెద్ద. "చెల్లె, రెండు దినాలు టోపీ ఇయ్యి, నీ గీతల పుస్తకం గుడ ఇయ్యి. సెంటర్ల అందరికి చూపెడ్త" అని తీసుకుపోయింది. ఇచ్చాను. నాకు తెలివిలేదు. నెల తిరిగాక హాలులో ప్రదర్శన పెడితే, బల్ల మీద ఎనిమిది దీపాల టోపీలు వరసగా ఉన్నాయి. పెద్దాఫీసరు భార్య ఒక టోపీ చేతిలోకి తీసుకుని మురిసిపోతోంది. ఆమెది గుంటూరు వైపు, మంచిగానే మాట్లాడుతుంది. ఇట్లాంటివి ఢిల్లీలో ఉండే వాళ్ళ పాపకు బాగా పనికొస్తాయని, అక్కడి చలి గురించి చెప్తూ, నా వైపు తిరిగి "మీరు కూడా అల్లుతారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా అక్క ఆ ఊలు ఉండల మాట అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్కడే ఎందుకు చెప్పలేదని టీచరమ్మ కోప్పడింది. మా ఆయన ఆ అక్క మొగుడి కింద పనిచేసేవాడు. బాయిలో ఎవరిని ఏ చోట పనికి పంపాలో ఓవర్‌మన్ చేతిలో ఉంటుంది. నేను హాలులో నోరు పారేసుకుంటే, నీళ్ళు కారే మూలన పని పడేది ఆయనకు. అందుకే మింగాను. మింగింది అరగలేదు. బియ్యం ఏరుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, ఆమెను ఎట్లా దెబ్బకొట్టాలా అన్నదే నా ధ్యాస.

దెబ్బకొట్టే దారి ఆమే మా ఇంటికి తెచ్చింది. పది రోజులకు కొత్త ఊలు పట్టుకుని వచ్చి, మా గడపలో కూర్చుని గొంతు తగ్గించింది.

"చెల్లె, మేడం వాళ్ళ పాపకు గ్లౌజులు అల్లమన్నది, దీపాలయే. గీ లోపలి దారాలు ఎట్ల పోవాలె? టోపీలకైతే లోపల అస్తరు గుడ్డ ఏసి కుట్టేసిన, కనపడలే. గ్లౌజులకు అస్తరు ఎట్ల ఏస్త?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఎనిమిది టోపీల లోపల ఏముందో. పైనున్న దీపాలు చూసి ఎక్కించింది తప్ప, మెలిక సంగతే ఆమెకు తెలియదు. అది గ్రాఫు పుస్తకంలో ఉండదు. నాకు లోపల పండగ మొదలైంది. ముఖం మాత్రం మామూలుగా పెట్టాను.

"ఏం లేదక్కా. గట్లనే ఇడిసిపెట్టు. ఊలు గదా, అదే సదురుకుంటది."

"గంతేనా?" అని అడిగింది. గంతే అన్నాను. చాయ్ కూడా ఇచ్చాను.

మేడం వాళ్ళ పాపను నేను కళ్ళ ముందు ఊహించుకున్నాను. ఢిల్లీ నుంచి దిగుతుంది, నలుగురిలో గ్లౌజులు తొడుక్కుంటుంది. వేళ్ళకు ఉంగరాలు ఉంటాయి. ఉంగరం దారానికి తట్టుకుంటుంది, గుంజితే దీపాలన్నీ ముడుచుకుపోతాయి, అక్క తల ఎక్కడ పెట్టుకుంటుందో చూడాలి. రోజుకు నాలుగుసార్లు ఇదే చూసుకుని మురిసేదాన్ని. ఇక్కడే నేను పప్పులో కాలేశాను. గుంటూరు వైపు వాళ్ళు పెళ్ళయిన కూతుర్ని కూడా పాప అనే అంటారు. మేము కూతుర్ని బిడ్డ అంటాం, పాప అంటే తొట్టెలలో ఉండేదే. మేడం పాప వేరు, మా పాప వేరు. అక్క చెప్పింది మా పాప గురించి, నేను అనుకున్నది హాలులో మేడం చెప్పిన ఆ ఢిల్లీ కూతురి గురించి.

మేడం ఇంట్లో ఫంక్షన్ ఉందని, సెంటర్ ఆడవాళ్ళందరం పోవాలని కబురొచ్చింది. ఏం ఫంక్షన్ అని కూడా అడగలేదు, నేను చూడబోయేది వేరే. మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. హాలు మధ్యలో పూలు చుట్టిన తొట్టెల. అందులో ఇరవై ఒక్క రోజుల ఆడపిల్ల. నెత్తిన దీపాల టోపీ, రెండు చేతులకు దీపాల గ్లౌజులు, నిమ్మకాయంత గ్లౌజులు. మేడం కూతురు ఢిల్లీ నుంచి పురిటికి వచ్చి కన్న పిల్ల, అక్క గ్లౌజులు అల్లింది దీనికి.

పాట మొదలుపెట్టేలోగా పిల్ల ఏడుపు అందుకుంది. "ఆకలేమో, పాలు పట్టమ్మా" అన్నది మేడం. తల్లి ఎత్తుకుంది, పిల్ల పట్టలేదు. "ఇంకోసారి పట్టి చూడు" అన్నది మేడం. నేను జనాన్ని తోసుకుని వెళ్ళి పిల్ల కుడిచేతి గ్లౌజు పట్టుకున్నాను. ఊడి రాలేదు. కత్తెర అడిగి మణికట్టు దగ్గర నుంచి చీల్చాను. లోపలి దారం ఉంగరపు వేలికి రెండు చుట్లు బిగిసి ఉంది. వేలి కొస వంకాయ రంగుకు తిరిగింది. దారం తెంపాక మెల్లగా ఎర్రబడింది. దవాఖానకు తీసుకుపోతే, ఏమీ కాలేదు, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడట.

చీల్చిన గ్లౌజును మేడం ఉల్టా తిప్పి చూసింది. లోపల దారాలు జడ విప్పినట్టు వేలాడుతున్నాయి. "ఎవరల్లారు ఇది?" అని అడిగింది. అక్క నా వైపు చూసింది.

"అక్కనే అల్లింది మేడం" అన్నాను. "డిజైన్ గుడ అక్కదే. నేను ఉండలు చుట్టిచ్చిన, గంతే."

ఆమె గొంతులో ఏముందో నాకు తెలుసు. నిన్ను అడిగితే నువ్వే ఇడిసిపెట్టుమన్నవ్ అని అరవాలని ఉంది. అరిస్తే, నన్నెందుకు అడిగిందో కూడా చెప్పాలి. దీపాలు ఎవరివో చెప్పాలి. అది చెప్పలేక తల వంచుకుంది. ఆ క్షణం నాకు తేనె తాగినట్టుందని దాచకుండా చెప్తున్నాను. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర నా మోచెయ్యి పట్టుకుని, "నీకు ఎర్కేనా?" అన్నది. "ఏం ఎర్కక్కా?" అన్నాను.

ఆమె సెంటర్ మానేసింది. నెల తిరక్కుండా అల్లిక నేర్పడానికి నన్ను పెట్టారు. మొదటి రోజే మూడు కుట్లకొక మెలిక నేర్పాను. దీపాల డిజైన్ ఎవరైనా అడిగితే మాత్రం, అది అక్కది, నాకు రాదని చెప్పాల్సి వచ్చేది. నలుగురి ముందు నేనే రాసిచ్చాను కదా. మళ్ళీ ఇప్పటిదాకా ఒక్క దీపం అల్లలేదు. అయినా ఆమె మీద నా కోపం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

సెంటర్‌లో ఆడవాళ్ళు ఆ రోజు సంగతి కొత్తవాళ్ళకు చెప్పేటప్పుడు నన్ను చూపించి, "పిల్ల ఏడుసుడే ఆలస్యం, గీమె ఉరికింది" అంటారు. నేను కాదనను. పిల్ల మొదటి కేక వేయగానే అది ఆకలి ఏడుపు కాదని నాకు తెలిసిపోయింది. కానీ నేను తొట్టెల వైపు చూడలేదు. అటు పక్క నిలబడ్డ అక్క ముఖం ఎప్పుడు మాడిపోతుందా అని చూస్తూ నిలబడ్డాను. మేడం రెండోసారి పాలు పట్టమనేదాకా అట్లాగే చూస్తూ ఉన్నాను.