మాయకోటలో అనసూయక్క

భాస్కర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. మంచి పిల్లవాడే, తెలివైనవాడే, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. కానీ వాడు రాసిన ఆ ఆట నా కళ్లబడితే మాత్రం ఈరోజుకైనా తగలబెడతాను. కంప్యూటర్‌లో ఉన్న ఆటను ఎలా తగలబెడతారో నాకు తెలియదు. అడిగి తెలుసుకుని మరీ తగలబెడతాను.

ఇది ఎనభై ఆరు నాటి సంగతి. వరంగల్‌లో మేము పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సెంటర్ అంటే గర్భగుడే. చెప్పులు బయట విడవాలి. నీళ్ల గ్లాసు లోపలికి తేకూడదు. ఊరంతా ఎండకు మాడిపోతుంటే మేము మాత్రం ఏసీ చలికి స్వెటర్లు వేసుకుని కూర్చునేవాళ్లం. లోపల బీరువా అంత యంత్రం ఒకటి, దానికి వైర్లతో తగిలించిన ఆరు తెరలు, ఆరు కీబోర్డులు. పరీక్ష మార్కులు, హాల్ టికెట్ల పట్టీలు అందులోకి ఎక్కించడం మా పని. మేమంటే ఇద్దరమే. అనసూయక్క, నేను. నా పేరు కళావతి.

అక్కకు మట్టెవాడలో గిన్నెల దుకాణం. పెళ్లికి ముందే హన్మకొండ చౌరస్తాలో టైపు నేర్చుకుని హయ్యర్ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసైంది. కంప్యూటర్‌కు ఎక్కించడానికి అట్ట కార్డులకు చిల్లులు పొడిచే రోజుల్లో, అంటే నాకంటే చాలా ముందు, టెంపరరీగా చేరి ఏడేళ్లయినా టెంపరరీగానే ఉంది. ఆమె చేతులు కీబోర్డు మీద పడితే నేను నా పని ఆపి చూసేదాన్ని. కళ్లు కాగితం మీదే ఉండేవి. పేజీకి పేజీ దిగిపోయేది, ఒక్క తప్పు ఉండేది కాదు. నేను రెండు వేళ్లతో కొట్టే రకం. "నువ్వు టైపు కొడ్తలేవే, పేలు కుక్కుతానవ్" అని నవ్వేది.

అంత వేగం గల మనిషి ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగేది. అది భర్త పేరు. మొగుడి పేరు నోటితో అనని ఆడవాళ్లు మన దగ్గర కొల్లలు, అందులో వింతేం లేదు. అక్క చేత్తో కూడా రాసేది కాదు. పేరు తీస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెళ్లైన కొత్తలో వాళ్లత్త చెప్పిందట. హాల్ టికెట్ల పట్టీలో వెంకట్రాజం అనే కుర్రవాడు తగిలితే కాగితం నా వైపు జరిపేది. "గీ ఒక్క లైను నువ్వు కొట్టరాదే" అనేది. ఆ ఒక్క లైనుకు నేను తంటాలు పడుతుంటే ఓపిగ్గా కూర్చునేది.

ఆ ఏడు మార్చిలో అక్కకు పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. సోమవారంలోగా సంతకం చేసి చేరాలి. ఇంట్లో ఆమె భర్త వెంకట్రాజం అన్న ఒప్పుకోలేదు. దుకాణంలో గల్లా దగ్గర మనిషి లేడు, ఏడేండ్లు చేసింది చాలు అన్నాడట. అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి ఆయన మెత్తబడి, శనివారం కాలేజీలో పండుగున్నది గదా, వచ్చి జూస్త, జూసినంక చెప్త అన్నాడు.

ఆ మాటకే అక్క పొంగిపోయింది. ఏడేళ్లలో ఆయన మా సెంటర్ గుమ్మం తొక్కలేదు. "జూస్తే చాలే కళావతీ. ఒక్క పేజీ నేను కొడ్తాంటె పక్కన నిలవడి జూస్తే చాలు. ఇగ నన్ను గల్లా కాడ కూసోమనడు" అంది. రెండేళ్ల కిందటి మార్కుల పట్టీ ఒకటి, చాలా పొడుగుది, ఏరి పక్కన పెట్టుకుంది. అందులో వెంకట్రాజం అనేవాడు లేడని రెండుసార్లు చూసుకుంది.

శనివారం ఏటా జరిగే విద్యార్థుల ప్రదర్శన. ఊళ్లో వాళ్లందరినీ లోపలికి రానిస్తారు. పొద్దున మేము వెళ్లేసరికి ఆరు తెరల మీదా ఒకటే మాట మెరుస్తోంది, మాయకోట అని ఇంగ్లీషులో. ఆఖరు సంవత్సరం చదివే భాస్కర్ నెలల తరబడి రాసిన ఆట అది. మా పెద్దసారు రాజేశ్వర్ రావు గారు ఆ ఆట చూసి మురిసిపోయి, ఆ పూటంతా అదే నడవాలని చెప్పేశారు.

"మరి నా టైపు?" అంది అక్క.

"గంటసేపే అక్కా. గంటైనంక ఒక తెర నీకిస్త" అన్నాడు భాస్కర్.

వెంకట్రాజం అన్న పదకొండింటికి వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో దువ్వెన. దుకాణం తమ్ముడికి అప్పగించి వచ్చాడు, పన్నెండుకల్లా తిరిగి వెళ్లాలి. అక్క ఆయన పక్కకు చేరి మార్కుల పట్టీ చూపించబోతుంటే భాస్కర్ ఊడిపడ్డాడు. "అన్నా, మీరు గీడ కూసోండ్రి. అక్కా, నువ్వు గీ పక్క తెర కాడ. కళావతక్కా, నువ్వు గూడ" అంటూ అందరినీ కుర్చీల్లోకి తోశాడు. మిగతా మూడు తెరల దగ్గర వాడి స్నేహితులు కూర్చున్నారు.

ఆట ఏమిటో వాడు చెప్పాడు. ఆరుగురం ఒకే కోటలో ఉన్నామట. ఒకరు చేసింది అందరి తెర మీదా పడుతుందట. రాక్షసులు, నాగులు, మాయగుహలు ఉన్నాయట. అందరం కలిసి లోపలి గది దాకా వెళ్లి మణి తేవాలట. అవన్నీ ఏవీ అంటే, ఏమీ లేవు. నల్లటి తెర మీద పచ్చటి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఒక్క బొమ్మ లేదు. మీరు రాతి ద్వారం ముందున్నారు, చీకటిగా ఉంది అని రాసి ఉంది. చీకటిగా ఉందని చదువుకుని భయపడాలన్నమాట.

ఎవరెవరు ఏ వేషమో చెప్పాలన్నాడు. "కత్తి ఎవరికిస్తరు? గదే నాకియ్యి" అన్నాడు వెంకట్రాజం అన్న. అక్క వైద్యురాలు. వైద్యురాలి దగ్గర పాము కాటుకు విరుగుడు వేరు ఉంటుంది, ఇంకెవరి దగ్గరా ఉండదు. నేను మంత్రగత్తెను. తర్వాత పేర్లు అడిగాడు. ఇష్టమైన పేరు ఏదైనా పెట్టుకోవచ్చన్నాడు. వాడి స్నేహితులు వీరసింహం, కాలభైరవుడు అని ఏవేవో పెట్టుకున్నారు. వెంకట్రాజం అన్నకు అవేం నచ్చలేదు. "నా పేరు నాకు లేదా? దుకాణం బోర్డు మీద ఉన్నదే పెట్టు" అన్నాడు. ఆయనకు అక్షరాలు ఎక్కడున్నాయో దొరకడం లేదు. పక్కనే ఉన్న నేను చెయ్యి చాచి, నా రెండు వేళ్లతో, వెంకట్రాజం అని ఒక్కో అక్షరం కొట్టి పెట్టాను. ఏడ్చినట్టే ఉంది నా తెలివి. ఆ పేరున్న కాగితాలు నా వైపు జరిపే మనిషి ఆ పక్క కుర్చీలో ఉందని నాకు ఆ క్షణాన తట్టనే లేదు.

ఆట మొదలైంది. నేను పుట్టి పెరిగింది ఖిలా వరంగల్‌లో. కోటలో ఏ గోడ పక్క నుంచి వెళితే ఎక్కడ తేలతామో కళ్లు మూసుకుని చెబుతాను. ఆ ధీమాతో తూర్పుకు పొమ్మని కొట్టాను. బురదగుంట అంది. వెనక్కి రమ్మన్నాను, ఆ మాట నాకు అర్థం కాలేదు అంది యంత్రం. దీపం తీసుకోమన్నాను, దీపం స్పెల్లింగు తప్పు పడింది, అర్థం కాలేదు అంది. ఎన్ని మాటలు చెప్పినా అర్థం కాలేదు అర్థం కాలేదని, చెవిటి ముసలామెతో వేగినట్టే ఉంది. మూడో నిమిషంలో ఏదో బావిలో పడి చచ్చాను. మళ్లీ బతికించమంటే ఆట అయ్యేదాకా కుదరదన్నాడు భాస్కర్. ఒళ్లు మండి, లేచి వెళ్లి అక్క కుర్చీ వెనక నిలబడ్డాను.

అక్క మాత్రం చక్కగా ఆడుతోంది. చదవడం, కొట్టడం రెండూ ఒకేసారి అయిపోతున్నాయి. మిగతావాళ్లు ఒక్క మాట కొట్టేలోగా ఆమె నాలుగు గదులు దాటి దారి చెబుతోంది. రాజేశ్వర్ రావు సారు వచ్చి చూసి, "చూడవయ్యా వెంకట్రాజం, మీ ఆవిడ చేతులు" అన్నారు. ఆయన తన తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. కత్తి ఎలా దూయాలో వెతుక్కుంటున్నాడు.

అప్పుడు ఆరు తెరల మీదా ఒకేసారి అక్షరాలు పడ్డాయి. వెంకట్రాజంను నల్లనాగు కాటేసింది. ముప్పై లెక్కపెట్టేలోగా వేరు ఇవ్వకపోతే ప్రాణం దక్కదు. కింద అంకెలు తగ్గడం మొదలైంది.

"అక్కా, నువ్వే! వేరు నీ దగ్గర్నే ఉన్నది!" అని భాస్కర్ అరిచాడు.

అక్క వేళ్లు అప్పటికే కదిలాయి. వేరు ఇవ్వు అని కొట్టింది. ఎవరికి అని అడిగింది యంత్రం. ఆయనకు అని కొట్టింది. ఆ పేరు గలవారు ఇక్కడ లేరు. సైనికునికి అని కొట్టింది. ఆ పేరు గలవారు లేరు. భర్తకు. లేరు. నేను ఇంకా తెల్లముఖం వేసుకుని చూస్తున్నాను, ఇదేమిటి ఇలా తిరుగుతోంది అని. చివరికి సుజాత తండ్రికి అని కొట్టింది అక్క. సుజాత వాళ్ల పెద్ద పాప. అప్పుడు తెలిసింది నాకు.

అంకె పదకొండుకు వచ్చింది. అక్క మొదటి అక్షరం కొట్టింది. చెరిపేసింది. మళ్లీ కొట్టింది. వేలు ఆ మీట మీదే ఉండిపోయింది. పట్టీల్లో వేల పేర్లు ఎక్కించిన చేతులవి.

"జరుగక్కా, నేను కొడ్త" అని మీదికి వంగాను. తొందరలో, ఈ దిక్కుమాలిన రెండు వేళ్లతో, రెండక్షరాలు అటూ ఇటూ పడ్డాయి. ఆ పేరు గలవారు ఇక్కడ లేరు అంది యంత్రం. సరిచేసేలోగా సున్నా పడింది.

వెంకట్రాజం చనిపోయాడు అని ఆరు తెరల మీదా వచ్చింది.

అక్క దిగ్గున లేచింది. చెయ్యి మెడలో పుస్తెల మీదికి పోయింది. "గదేం రాతరా భాస్కర్? తియ్యి! ముందు గా మాట తియ్యి!" అని అరిచింది. ఆమె అరవడం నేను ఎప్పుడూ వినలేదు. వాడు బెదిరిపోయి ఏదో నొక్కాడు. తెరలన్నీ నల్లబడ్డాయి.

వెంకట్రాజం అన్న కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. పదిమంది చూస్తున్నారు. "ఏందిది? వేరు నీ దగ్గర్నే ఉండె గదా? అందరు ఒర్లుతాండ్రు, నువ్వు ఒక్క మాట కొట్టలేకపోతివి. ఏడేండ్ల సంది నేర్చింది గిదేనా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సోమవారం సంగతి ఇంట్ల మాట్లాడుదాం" అన్నాడు. ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది, ఇంట్లో మాట్లాడడానికి ఏమీ మిగల్లేదని. అక్క తలొంచుకుని నిలబడింది.

నేను ఆగలేకపోయాను. "అన్నా, వేరు ఇయ్యాలంటె మీ పేరు కొట్టాలె. మీ పేరు అక్క ఎట్ల కొడ్తది? గా పేరు పెట్టింది నేను. తిడితే నన్ను తిట్టుండ్రి" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, అక్కను చూశాడు. అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆ తర్వాత ముఖం వెలిగిపోయింది.

"పేరు కోసమా ఆగింది?" అన్నాడు. "సూసిండ్రా సారూ? నన్ను సావనన్న సావనిచ్చింది గని నా పేరు మాత్రం తియ్యలే!" అని నవ్వు మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు, రాజేశ్వర్ రావు సారుతో సహా. పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని తీయకుండా ఉంటే, తీయనందుకే మనిషి పోయాడు, దీనికి ఆ అత్తగారు ఏమంటుందో అడగాలనిపించింది నాకు. అడగడానికి ఆవిడ అక్కడ లేదు.

"సోమవారం సంతకం వెట్టనియ్యుండ్రి సారూ. ఇసొంటి మనిషిని ఏడికి తోలినా నాకు ఫికర్ లేదు" అన్నాడు వెంకట్రాజం అన్న.

సారు సంతోషించి, "కూర్చోవయ్యా, ఒక్క నిమిషం. ఆమె టైపు చూసి పో. జిల్లా మొత్తంలో అంత వేగం లేదు" అన్నారు. భాస్కర్ పరుగున ఒక తెర ఖాళీ చేశాడు. అక్క పట్టీ తీసి పక్కన పెట్టుకుని కూర్చుంది, వేళ్లు కీబోర్డు మీద ఉంచింది.

"అక్కెర్లేదు సారూ, దుకాణం కాడ తమ్ముడొక్కడే ఉన్నడు. జూడాల్సింది జూసిన" అని ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మట్టెవాడ బజారంతా ఈ కథ చెప్పి ఉంటాడు.

నేను మాత్రం ఎగిరి గంతేశాను. సోమవారం గండం గట్టెక్కింది, ఇంకేం కావాలి? "అక్కా, గెలిచినవ్ గదా! జర నవ్వు" అన్నాను.

"ఏం గెలిచిన్నే?" అంది. కళ్లలో నీళ్లు లేవు, మంట ఉంది. "నేను భక్తితోని ఆగిన్నా? చెయ్యి రాలే. గంతే. గంత మంది ముంగట చెయ్యి రాకపోతే, గా చెయ్యి మీద నాకే కోపమొచ్చింది, ఆడ్నే ఇరగ్గొట్టుకుందామనిపించింది."

ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు. రెండు చేతులూ తెర ముందు అలాగే పెట్టుకుని చూస్తోంది.

"ఏడేండ్ల సంది గీ చేతులు ఉరుకుతనే ఉన్నయి, ఒక్కనాడు వచ్చి జూడలే. గియ్యాల ఆగినయి సూడు కళావతీ, గదే జూసిండు. గదే మెచ్చిండు."