పిట్టలకు పుట్టిల్లు ములాఖత్ గది

దరియావలి పిట్టల్ని అమ్మడు, అత్తారింటికి పంపుతాడు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే.

చెల్లెలి పెళ్లి బిర్యానీలో ముక్కల్లేవని వంకపెట్టిన మగపెళ్లివారి పెద్దమనిషి చెయ్యి విరగ్గొట్టి, నెల్లూరు పక్క జైలుకు వచ్చాడు. అక్కడ ఆయనకు లవ్‌బర్డ్స్ పెంపకం అప్పగించారు. గేటు పక్క కొట్టులో వాటిని అమ్మించే పని వార్డరు ఓబులేసుది.

బోగోలు నుంచి మధుబాబు ఒక జత కొందామని వచ్చాడు.

"ఇంట్లో పిల్లి ఉండాదా అబ్బయా?" అన్నాడు దరియావలి.

"లేదు."

"పక్కింట్లో?"

"పక్కింటోళ్ల సంగతి నాకేం తెలుసు?"

"విచారించకుండానే సంబంధానికి వచ్చినావా!"

ఓబులేసు తల పట్టుకున్నాడు. అసలు షరతు ఇంకా రానేలేదు మరి.

"శుక్రవారాలు జుమాగీకి తీసుకురావాల."

కొత్తగా పెళ్లయిన పిల్ల మొగుడితో కలిసి శుక్రవారాల్లో పుట్టింటికి విందుకు రావడమే జుమాగీ.

"బిర్యానీ పెడతావా?" అన్నాడు మధుబాబు వెటకారంగా.

"ఆ మాటెత్తొద్దు. దానివల్లే లోపలికొచ్చినా."

మధుబాబు బండెక్కి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లలో సగం మంది అలాగే పోయారు.

సూపరింటెండెంటు కరుణాకుమారి గారికి ఒళ్లు మండింది. "ఆ జుమాగీ గోల మాన్పించు. లేదంటే పిట్టల షెడ్డు ఎత్తేసి పుట్టగొడుగులు పెంచుదాం. నువ్వు టవర్ డ్యూటీకి పో," అంది ఓబులేసుతో.

టవర్ మీద ఎండ తలుచుకుంటేనే ఓబులేసుకు చెమటలు పట్టాయి. "మానెయ్ దరియావలీ, నీకు దండం పెడతా!" అన్నాడు.

"పుట్టిల్లు లేకుండా పిల్లనెట్ట పంపేది సార్?"

ఆ శుక్రవారం ఓబులేసుకు ములాఖత్ గదిలో డ్యూటీ పడింది. అంతకుముందు ఒక జత కొనుక్కుపోయిన రాఘవమ్మ, సంగం నుంచి పంజరం పట్టుకుని దిగింది.

"దరియావలిని పిలిచేదా అమ్మా?"

"ఆయన్ని కాదు నాయనా, పోలేరయ్యను. పిట్టకు మేనమామని దరియావలే చెప్పినాడు గదా!"

ఖైదీ పోలేరయ్య కోసం ఇన్నేళ్లలో నరపురుగు కూడా రాలేదు. పేరు పిలవగానే తలకు నూనె కారేలా పూసుకుని, చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, పరుగున వచ్చాడు. ఇనుప జాలీకి ముఖం ఆనించి, పిట్టతో "ఏమ్మా, ఇంతగా చిక్కిపోయినావే! వీళ్లు తిండి పెట్టడంలేదా?" అన్నాడు.

"చిక్కిందా? మా ఇంట్లో కొర్రలన్నీ దాని కడుపులోనే ఉండాయి! కళ్లు కనపడవా నీకు?" రాఘవమ్మ గొంతు లేచింది.

టైమయ్యేసరికి ఆ తగాదా పోలేరయ్య మోకాళ్ల నొప్పుల దగ్గరికి వచ్చింది. వెనక వరసలో ఇంకో ఇద్దరు పంజరాలతో నిలబడి ఉన్నారు. వాళ్లు అడిగింది కూడా చూడ్డానికి ఎవరూ రాని ఖైదీల్నే.

ఓబులేసు ఉరుకులు పరుగులమీద వెళ్లి కరుణాకుమారి గారికి అంతా చెప్పాడు. ఆమె కళ్లజోడు తీసి తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. పుట్టగొడుగుల ఫైలు బీరువాలో పడేసి తిన్నగా కొట్టుకు వచ్చింది.

"నాకొక జత ఇవ్వవయ్యా దరియావలీ."

"మీకియ్యను మేడమ్."

ఓబులేసు టవర్ వైపు చూశాడు.

"మీరు రోజూ ఇక్కడే ఉంటారు. చుట్టమెట్ట అవతారు? మీ అమ్మగార్ని పంపండి."

"మా అమ్మకు నోరెక్కువయ్యా!"

"అట్టాంటామే కావాల మేడమ్! మా బ్యారక్‌లో యాసీన్ అని ఒకడుండాడు. ఇంటోళ్లు తిట్టి చాన్నాళ్లయిందని దిగులు పడతా ఉండాడు."