కడుపుల నొస్తుంది

నాచారంలో మా బడి ఒక అద్దె ఇంట్లో నడిచేది. కింది హాలును ప్లైవుడ్ చెక్కలతో విడదీసి తరగతులు చేశారు. మేడ మీద రేకుల షెడ్డులో పెద్ద పిల్లలకు ఏదో ఒక పని నేర్పేవాళ్లు. ఆటిజం ఉన్న పిల్లల కోసమే పెట్టిన బడి అది. మల్లాపూర్ వైపు నుంచి ఫ్యాక్టరీ సైరన్ వినబడగానే సగం మంది చెవులు మూసుకునేవారు. అది ఆగేదాకా మేమూ పాఠం ఆపేవాళ్లం. నేనక్కడ టీచర్ని. పుట్టిందీ పెరిగిందీ నాచారం పాత ఊళ్లోనే. మా నాన్న దున్నిన పొలాల్లో అప్పటికే కాలనీలు లేచాయి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఉప్పల్ నుంచి ఒక పిల్లవాడు వచ్చి చేరాడు. పదకొండేళ్లుంటాయి. అమ్మానాన్నలది గోదావరి ప్రాంతం. తండ్రి ఒక ఆఫీసులో క్లర్కు. పిల్లవాడికి మాటలు వచ్చు, కానీ అవన్నీ ఎదుటివాళ్ల మాటలే. "నీ పేరేంటి?" అంటే "నీ పేరేంటి?" అనేవాడు. తండ్రి ఆదివారాలు మల్కాజిగిరి స్టేషన్‌కి తీసుకెళ్లేవాడు కాబట్టి రైళ్ల ప్రకటనలన్నీ అదే గొంతుతో అప్పజెప్పేవాడు. తనకేం కావాలో, ఏం వద్దో మాత్రం చెప్పలేడు. వద్దనుకున్నప్పుడు చేయి కొరుక్కునేవాడు. మణికట్టు మీద చర్మం కాయ కాసినట్టు ఉండేది.

బొమ్మల కార్డులు ముందు పెట్టుకుని వాడితో నెలల తరబడి కూర్చున్నాను. ఒకరోజు భోజనాల వేళ వాడి పళ్లెంలో బెండకాయ కూర వేశాను. చేయి నోటి దాకా వెళ్లి ఆగింది.

"నాకొద్దు గిది," అన్నాడు.

ఎవరి మాటా తిప్పి చెప్పడం కాదు. వాడి సొంత మాట. కూర తీసేశాను. వాడు చేయి దించి అన్నం తిన్నాడు. ఆ సాయంత్రం తల్లికి చెబితే ఆమె గేటు పట్టుకుని ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకుంది.

తర్వాతి వారం తండ్రి వచ్చాడు. బడి నడిపే పెద్ద మేడమ్ గదిలో నన్నూ కూర్చోబెట్టి మాట్లాడాడు.

"మాట రావడం సంతోషమేనమ్మా. కానీ 'గిది', 'గట్ల' అంటున్నాడు. మా ఇంట్లో ఎవరమూ అలా మాట్లాడం కదా. రేపు మా ఊరు తీసుకెళ్తే వీడి మాట ఎవరికి అర్థమవుతుంది? మీరు కొంచెం మా మాటల్లో చెప్పి చూడండి."

ఉద్యమం వేడిలో ఆఫీసులో ఆయనకు రోజూ ఈ యాసల మీదే గొడవలని తర్వాత తెలిసింది. నాకు కోపం వచ్చింది. కానీ ఇంట్లో వినే మాటా, బడిలో వినే మాటా ఒకటైతే పిల్లలకు తేలికని మా శిక్షణలోనూ చెప్పారు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మర్నాటి నుంచి నా యాస మానేసి వాడితో పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాను. "నీకు దాహంగా ఉందా?" అంటే వాడు "నీకు దాహంగా ఉందా?" అనేవాడు. వాడి సొంత మాటలు తగ్గిపోయాయి. చేయి మళ్లీ నోటికి వెళ్లడం మొదలైంది. అలవాటు పడతాడులే, కొంతకాలం చూద్దామన్నారు మేడమ్.

ఒక సోమవారం మా బడి వ్యాన్ ఉప్పల్ వెళ్లి పిల్లవాడు లేకుండా తిరిగొచ్చింది. ఏం జరిగిందో మర్నాడు తండ్రే బడికి వచ్చి చెప్పాడు. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్న మనిషి, చొక్కా కూడా మార్చుకోలేదు.

"వ్యాన్ ఎక్కనని మెట్ల మీద కూలబడ్డాడమ్మా. బడి ఎగ్గొట్టడానికే అనుకుని కేకలేశాను. అప్పుడన్నాడు, 'కడుపుల నొస్తుంది' అని. మీ క్లాసులో విన్నది అప్పజెబుతున్నాడనుకున్నా. మళ్లీ అన్నాడు. వాళ్లమ్మ చేయి లాక్కుని పొట్ట మీద పెట్టుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది."

అపెండిక్స్. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఇంకా ఆలస్యమై ఉంటే పగిలిపోయేదన్నాడట డాక్టరు. అంతకుముందు జ్వరమొచ్చినా పన్ను నొప్పి పుట్టినా, గోడకు తల కొట్టుకునేదాకా వాళ్లకు తెలిసేది కాదు. ఇది నొప్పి, ఇది ఇక్కడ, అని ఆ పిల్లవాడు చెప్పడం అదే మొదలు.

"ఆ మాట మీరు నేర్పిందేనా?" అడిగాడు.

"నేర్పిన అని కాదు సార్. ఎవరన్న పిల్లలు ఏడిస్తే నేను అడుగుత. ఏడ నొస్తుంది బిడ్డా, కడుపుల నొస్తుందా, అని. ఇన్నట్టున్నడు." ఆయన ముందు నేను నా మాటలో మాట్లాడింది ఆ రోజే.

ఆయన తల ఊపాడు. క్షమాపణల్లాంటివేమీ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. తర్వాత అన్నాడు: "వాడికి వచ్చిన మాటలు ఇంకా ఏమున్నాయో నాకూ చెప్పండి. ఇంట్లో మేమూ అవే వాడతాం."

కుట్లు మానాక పిల్లవాడు బడికి వచ్చాడు. నేను మళ్లీ నా మాటల్లోకి వెళ్లాను. మేడమ్ కూడా సరేనన్నారు. తండ్రి సాయంత్రాలు గేటు దగ్గర వంగి "ఆకలైతుందా?" అని అడుగుతుంటే గోదావరి యాస అందులో తొంగిచూసేది. మా ఆయా చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పిల్లవాడు మాత్రం నవ్వలేదు. "అయితుంది" అనేవాడు, లేదంటే "లే" అనేవాడు. వాళ్లిద్దరి మధ్య అంత మాత్రం మాటలు నడిచేవి.

తెలంగాణ వచ్చేనాటికి వాడికి మీసం మొలుస్తోంది. మేడ మీది షెడ్డులో స్క్రూలు లెక్కపెట్టి డబ్బాల్లో వేసే పనికి కుదిరాడు. మల్లాపూర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపు వాళ్లు ఆ డబ్బాలు తీసుకెళ్లేవారు. తర్వాత వాళ్ల కుటుంబం దమ్మాయిగూడలో ఇల్లు కట్టుకుంది. మా వ్యాన్ అంత దూరం వెళ్లదు కాబట్టి బడి మాన్పించారు. తల్లి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. వాడు తన అన్నం తానే వడ్డించుకుంటున్నాడట. కొత్త ఇంట్లో ఇంకా పనులు సాగుతున్నప్పుడు, టైల్స్ కోసే మిషను చప్పుడు ఆగేదాకా మాత్రం చెవులు మూసుకుని గది దాటి బయటికి రాలేదట.