దొరగారి నాయనమ్మ పుట్టిన ఇల్లు

ఇంగ్లండులో ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ నేనెప్పుడూ అడుగు పెట్టలేదు, ఎవరైనా ఓడ టిక్కెట్టు కొనిచ్చినా పెట్టను. అయినా ఆ ఊరి చర్చి గోపురం ఎందుకు కూలిందో, సత్రం పైకప్పుకు ఏ గడ్డి వేశారో, ధాన్యపు కొట్టు దూలాలు ఏ చెట్టువో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చెప్పాక నోరు పుక్కిలిస్తాను.

ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిదివందల ఇరవైలలో, రంగూన్‌లో పజుండాంగ్ కాలువ ఒడ్డున ఒక బియ్యం మిల్లులో నేను టైపు గుమాస్తాను. మిల్లు యజమాని ఇంగ్లీషు దొర. తన సొంతూరి పాత కట్టడాల చరిత్ర రాయాలని ఆయనకు పట్టుకుంది. భోజనం కాగానే నన్ను పిలిచి, పైపు చప్పరిస్తూ ఆయన చెబుతుంటే నేను టైపు కొట్టాలి. పైపు కొస నుంచి కారిన ఉమ్మి కాగితాల మీద పడేది. తుడిచి మళ్లీ కొట్టేవాణ్ణి.

అన్నిటికంటే ఆయనకు ముద్దైన అధ్యాయం వాళ్ల నాయనమ్మ పుట్టిన ఇంటిది. చెక్క చట్రాల మధ్య సన్నటి బద్దలు అల్లి, బంకమట్టీ గడ్డీ ఆవుపేడా కలిపి తొక్కి, ఆ ముద్దతో మెత్తిన గోడలట. ఆ ఇంటి ఆడవాళ్లే చేతులతో మెత్తారట. ఆ మాట చెబుతూ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

మిల్లు వెనక మేముండే వరస గదుల కూలి లైన్లు కూడా ఆ దొరవే. గదుల ముందు నుంచే పాయిఖానాల కాలువ పోయేది. అందులో కుళ్లిన తవుడు తేలుతుండేది. ఎండ ముదిరేసరికి ఆ పులిసిన కంపు అన్నం ముద్దతోపాటు గొంతులోకి దిగేది. కాలువ బాగు చేయించమని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు. కానీ మా ఆడవాళ్లు మట్టినేలను పేడతో అలుకుతున్నారని తెలిసి మండిపడ్డాడు. పేడ అలికిన గది కనిపిస్తే ఖాళీ చేయించమని కూలీల మేస్త్రీకి హుకుం జారీ చేశాడు. గురివిందగింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా?

అప్పుడు మా అక్కకు నెలలు నిండాయి. అమ్మా నేనూ అక్కా బావా అందరం ఉండేది ఒకే గదిలో. పురుడు ఆ గదిలోనే జరగాలి, మరో దిక్కు లేదు. మేస్త్రీ మా శ్రీకాకుళం వైపువాడే. దొర తనిఖీకి వచ్చే రోజు నేల కనపడకుండా చాపలు పరిచేస్తే, పురుడయ్యేదాకా తాను చూసుకుంటానని అమ్మకు ముందే చెప్పి వెళ్లాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర దొర నాయనమ్మ ఇంటి సంగతి వెటకారంగా చెప్పాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆమె ముఖం విప్పారింది.

"పేడ మెత్తిన ఇంట్లో పుట్టినామెకి మనవడు, ఆ బాబుకి పేడంటే అసయ్యమేటి? మన ఇల్లూ అలాటిదేనని తెలవక అన్నాడు గావాల."

తనిఖీ రోజు లైనంతా చాపలు పరుచుకుంది. అమ్మ ఒక్కతే, పజుండాంగ్ అవతల తాకేటా వైపు పాలవాళ్ల పాకల నుంచి తెచ్చిన పేడతో గదీ గడపా గోడల మొదళ్లూ అలికి, వాకిట్లో పద్మం ముగ్గు వేసింది. పెద్దవాళ్లు ఇంటికొస్తుంటే అలా చెయ్యడం మా మర్యాద. అది చూసి దొర తన ఇల్లే అనుకుని, కూతురి పురుడు అక్కడే కానిస్తాడని ఆమె నమ్మకం. వద్దని బతిమాలాను. వింటేనా!

దొర వచ్చాడు. పాయిఖానా కాలువను చూడకుండానే దాటాడు. మా వాకిట్లో మాత్రం సెంటు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ముగ్గు మీద బూటు వేసి, అంటిన పేడను మా ద్వారబంధానికే రాశాడు. అమ్మ చేతులు జోడించి, ఆ నాయనమ్మగారి మాట చెప్పమని నన్ను ముందుకు తోసింది. చెప్పాను. ఆయన చెప్పగా నేను కొట్టిన వాక్యాలే, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆయన చివరిదాకా విన్నాడు.

"మా ఊరి ఆవులు వేరు" అన్నాడు.

సాయంత్రంలోగా గది ఖాళీ కావాలని మేస్త్రీకి చెప్పి, పక్క గదికి నడిచాడు. ఆ మనిషి ముందు కూర్చుని రేపు మళ్లీ నేను టైపు కొట్టాలి.

మా సామాను మిల్లు ఊక కొట్టంలోకి చేర్చాం. చీకటి పడుతుండగానే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. లైన్లోని ఆడవాళ్లు చుట్టూ చీరలు కట్టారు. ఆడపిల్ల పుట్టింది. బయట వాన, లోపల పొట్టు దుమ్ము. నన్ను లోపలికి పిలిచేసరికి బిడ్డ తడి ఒంటికి ఊక అంటుకుని ఉంది. అమ్మ లాంతరు దగ్గర కూర్చుని కనురెప్పల మీదా ముక్కులోనూ ఉన్న ఊకను గోటితో తీస్తోంది. తల ఎత్తకుండానే నాతో అంది:

"నువ్వు ఇంగిలీసులో సరిగ్గా సెప్పినట్టు నేదురా. సరిగ్గా సెప్పుంటే ఆ బాబుకెందుకు తెలవదు?"

ఆమెకు ఇంకే కారణమూ తోచలేదు.

"అవునమ్మా, సరిగ్గా సెప్పలేకపోనాను" అన్నాను.